యెరికో త్రోవ నుండి ఇల్లు చేరిన తరువాత

మంచి సమరయుని ఉపమానము తెలియనివారు మన సంఘములలో ఉండరు. సండేస్కూలు పిల్లవాడు కూడ పుస్తకము చూడకుండ చెప్తాడు. మేమిద్దరము సంఘ పరిచర్యలో గడిపిన ఈ 29 సంవత్సరములలో దాని మీద ఎన్ని ప్రసంగములు చేశామో మాకే లెక్క లేదు. చూసీ చూడనట్లు తప్పుకున్న యాజకుని గురించి చెప్పాము, లేవీయుని గురించి చెప్పాము, గాయములు కట్టిన సమరయుని గురించి గొంతు పోయేదాక చెప్పాము. దొంగల చేత దెబ్బలు తిన్న ఆ మనుష్యుని గురించి మాత్రము ఎన్నడూ రెండు మాటలకు మించి చెప్పిన జ్ఞాపకము లేదు.

రెండు సంవత్సరముల క్రిందట గురువారపు స్త్రీల కూడికలో ఒక తల్లి లేచి అడిగింది. "అయ్యగారూ, ఆ దెబ్బలు తిన్నాయన ఇంటికెళ్ళినాక ఆయనకు నిద్ర పట్టిందంటారా? మళ్ళీ ఆ దారిన నడిచాడంటారా?"

కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు. మాకు జవాబు తోచక, ప్రార్థనతో కూడిక ముగించాము.

ఆమెకు యాభై దాటినవి. అంతకు ఎనిమిది నెలల ముందు, మినుము పీకి సాయంత్రము కాలువగట్టు మీద ఒంటరిగా ఇంటికి వస్తుంటే మోటారుసైకిలు మీద ఇద్దరు కుర్రవాళ్ళు దారి అడిగినట్లు ఆగి మెడలోని నానుతాడు పట్టి లాగారు. తాడు వెంటనే తెగలేదు. బండితో పాటు ఆమెను కొంతదూరము ఈడ్చుకుపోయారు. మెడ మీద కోతపడింది, మోచేతి ఎముక చిట్లింది. నెలన్నరకు కట్టు విప్పారు. "బంగారం పోతే పోయింది, ప్రాణం దక్కింది, దేవునికి స్తోత్రం చెప్పుకో" అని ఊరంతా అన్నది. మేమూ అన్నాము. ఆదివారపు ఆరాధనలో ఆమెను నిలబెట్టి సాక్ష్యము చెప్పించాము కూడ. చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోతే, సంతోషముతో గొంతు పూడుకున్నదని అనుకొని చప్పట్లు కొట్టాము.

కూడిక అయిన తరువాత వంటగది గుమ్మము దగ్గర కూర్చుని అమ్మగారితో అసలు సంగతి చెప్పింది. ఎనిమిది నెలలుగా రాత్రి రెండు గంటలకు మించి నిద్ర లేదు. ఎక్కడ బండి చప్పుడు విన్నా గుండె గుబేలుమంటుంది, చేయి దానంతట అదే మెడ మీదికి పోతుంది. గట్టు దారి మానేసి, మైలున్నర చుట్టు తిరిగి పొలమునకు పోతోంది. మనుమడు వెనుక నుండి వచ్చి మెడ కావలించుకుంటే వాడిని తోసేసింది. పిల్లవాడు గోడకు తగిలి ఏడ్చాడు. "నాకు పిచ్చి పడుతోందేమో అమ్మగారూ. విశ్వాసం చాలక ఇట్లా అవుతోందా?" అన్నది.

ఆ ప్రశ్న తరువాత మేము కొంత చదివాము, తెలిసిన వైద్యులను అడిగాము, మా వెనుకటి పరిచర్యను కూడ తిరగేసి చూసుకున్నాము. ఈ వ్యాసము దాని ఫలితము. ఇందులో మాకు పేరు తెచ్చే సంగతులు తక్కువ.

జడుపు

మన పల్లెలలో దీనికి మాట లేకపోలేదు. "జడుసుకుంది" అంటారు, "దడుపు జ్వరం" అంటారు. తాయెత్తు కట్టేవారు కట్టుకుంటారు, మనవారు నూనె రాసి ప్రార్థన చేస్తారు. వైద్యులు దీనిని శ్రద్ధగా గమనించుట మొదలుపెట్టి ఎంతోకాలము కాలేదు. అమెరికాలోని బోస్టను నగరములో ఆన్ బర్జెస్ అనే నర్సు, లిండా హోంస్ట్రమ్ అనే సామాజిక శాస్త్రవేత్త కలిసి, బలాత్కారమునకు గురియై ఆసుపత్రికి వచ్చిన స్త్రీలతో మాట్లాడి, వారందరిలోను ఒకే తీరు బాధలు కనబడుచున్నవని 1974లో వ్రాశారు. యుద్ధము నుండి తిరిగివచ్చిన సైనికులలోను అదే. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘము తమ రోగముల పట్టికలో దానికి ఒక పేరు పెట్టి చేర్చింది. ఇంగ్లీషులో పి.టి.ఎస్.డి. అంటారు. తెలుగులో చెప్పాలంటే, ఘోరము జరిగిపోయిన తరువాత కూడ మనస్సులో అది జరుగుతూనే ఉండుట.

జరిగినది తలచుకొనుట వేరు, అది తిరిగి వచ్చి మీద పడుట వేరు. మామూలు జ్ఞాపకము మనము పిలిస్తే వస్తుంది. ఈ జ్ఞాపకము పిలువకుండ వస్తుంది. ఒక వాసన, ఒక చప్పుడు, ఒక రంగు చొక్కా చాలును. అప్పుడు శరీరమునకు ఇది నిన్నటిదో నేటిదో తెలియదు. చెమటలు పడతాయి, ఊపిరి అందదు. అందుకే ఆ జ్ఞాపకము తెచ్చే చోట్లను, మనుష్యులను, మాటలను వారు తప్పించుకుంటారు. ఎప్పుడూ కావలి కాస్తున్నట్లు ఉంటారు. చిన్నదానికి ఉలిక్కిపడతారు, చిన్నదానికి కోపపడతారు. కొందరికి సంతోషము, దుఃఖము రెండూ మొద్దుబారిపోతాయి. అట్టివారిని చూచి "బాగానే ఉన్నదే, కన్నీటిబొట్టు కూడ రాలేదు" అంటాము.

దెబ్బతిన్న ప్రతివారికీ ఇది రోగముగా నిలిచిపోదు. మొదటి వారములలో నిద్ర లేకపోవుట, భయము అందరికీ సహజమే. ఎక్కువమంది తమవారి మధ్య క్రమముగా కోలుకుంటారు. నెల దాటినా తగ్గక, పనిని, సంసారమును పట్టి పీడిస్తుంటే వైద్యము కావలెను. ఎవరు కోలుకుంటారు, ఎవరు కోలుకోరు అనేది చాలావరకు తరువాత చుట్టూ ఉన్నవారు ఎలా నడుచుకున్నారనే దానిని బట్టి కూడ ఉంటుందని వైద్యులు చెప్తారు. సంఘము ఉలిక్కిపడవలసిన మాట ఇది.

మరొక సంగతి. "కేక వేయవచ్చు కదా, పారిపోవచ్చు కదా" అని అడగని పెద్దమనిషి లేడు. పెద్ద భయము కలిగినప్పుడు శరీరము మూడు పనులలో ఒకటి చేస్తుంది: తిరగబడుతుంది, పారిపోతుంది, లేదా కొయ్యబారిపోతుంది. ఏది చేయాలో మనము ఎన్నుకోము. గద్ద నీడ పడిన కోడిపిల్ల కదలకుండ నేలకు అతుక్కుపోవుట చూడలేదా? నోట మాట రాలేదు అనే మాట మన భాషలో ఊరకే పుట్టలేదు. ఆ క్షణములో జరిగినవి మనస్సులో వరుసగా నిలువవు, ముక్కలు ముక్కలుగా నిలుస్తాయి. వాడి చేతి కడియము గుర్తుంటుంది, ముఖము గుర్తుండదు. మొదట ఒకటి చెప్పి తరువాత ఇంకొకటి చెప్తే అబద్ధమాడుతున్నారని కాదు. మోషే ధర్మశాస్త్రములో పొలములో చెరచబడిన చిన్నదాని గురించి వ్రాయబడినది (ద్వితీయోపదేశకాండము 22) మరల చదవండి. ఆమె కేక వేసియుంటుందని, వినువారు లేకపోయిరని ధర్మశాస్త్రమే ఆమె పక్షమున అనుకొనుచున్నది. సాక్షులను తెమ్మని ఆమెను అడుగలేదు.

రెండవ దెబ్బ

మొదటి దెబ్బ దుర్మార్గుడు కొడతాడు. రెండవది చాలాసార్లు మంచివారు కొడతారు.

రెండవ సమూయేలు 13వ అధ్యాయము మన ఆరాధనలలో చదువుట మేము వినలేదు. మేమూ చదువలేదు. తామారు తన అన్నయైన అమ్నోను చేత చెరచబడి, బూడిద పోసుకొని, వస్త్రము చింపుకొని, కేకలు వేస్తూ బయటకు వచ్చింది. తెలిసిన అబ్షాలోము ఆమెను ఊరకుండమన్నాడు. అతడు నీ అన్నే కదా, మనస్సులో పెట్టుకోవద్దన్నాడు. ప్రేమతోనే అన్నాడు. తండ్రియైన దావీదు మిక్కిలి కోపపడ్డాడు, కాని ఏమీ చేయలేదు. తామారు ఆ యింటిలో ఏకాకిగా మిగిలిపోయింది. రెండేళ్ళ తరువాత అబ్షాలోము అమ్నోనును చంపించాడు, కథ యావత్తు మగవారి వైపు మళ్ళింది. తామారు ఏమైనదో తరువాత ఒక్క మాట లేదు.

1978లో హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషనులో ఒక స్త్రీ మీద పోలీసులే అత్యాచారము చేశారు. అడ్డు వచ్చిన భర్తను కొట్టారు, అతడు చనిపోయాడు. నగరము అట్టుడికిపోయింది. జస్టిస్ ముక్తదర్ కమిషను విచారణ జరిపి పోలీసులనే తప్పుపట్టింది. అయితే ఆ విచారణలో ఆమె ఎదుర్కొన్నది ఏమిటి? ఆమె నడవడి మంచిది కాదని, ఆమె పెళ్ళే పెళ్ళి కాదని చెప్పుటకు సాక్షులను వరుసగా తెచ్చి నిలబెట్టారు. భర్తను పోగొట్టుకున్న మనిషి అక్కడ కూర్చుని అదంతా వినవలసి వచ్చింది. తరువాత కేసు కర్ణాటకలోని రాయచూరుకు మారి, అక్కడి కోర్టులో పోలీసులు నిర్దోషులుగా విడుదలయ్యారు. ఆమె పేరు మేము వ్రాయుట లేదు. అటువంటి బాధితుల పేరు అచ్చు వేయకూడదని 1983లో చట్టము వచ్చింది.

ఆ 1983 చట్టము వెనుక ఇంకొక కథ. మహారాష్ట్రలో 1972లో పోలీసు స్టేషనులోనే ఒక గిరిజన బాలికకు ఇదే జరిగింది. శరీరము మీద గాయములు లేవు గనుక ఆమె సమ్మతించినట్లేనని సుప్రీంకోర్టు ఆ పోలీసులను వదిలివేసింది. పైన చెప్పిన కొయ్యబారిపోవుట ఆ న్యాయమూర్తులకు తెలియదు. 1979లో నలుగురు న్యాయశాస్త్ర బోధకులు సుప్రీంకోర్టుకు బహిరంగ లేఖ వ్రాశారు, దేశమంతట స్త్రీలు వీధులకెక్కారు, చట్టము మారింది. విచారణ తలుపులు మూసి జరపాలనుట కూడ అప్పుడు వచ్చినదే. ఆసుపత్రులలో స్త్రీలకు చేసే ఒక పాత అవమానకరమైన పరీక్ష మాత్రము ఆ తరువాత కూడ సాగింది. దానిని చేసేవారు దుష్ప్రవర్తన దోషులగుదురని సుప్రీంకోర్టు 2022లో తేల్చి చెప్పవలసి వచ్చింది.

ఆలస్యము కూడ ఒక దెబ్బే. గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న 8 మంది దళితులను చంపారు. సాక్షులు దూరము పోనక్కరలేకుండ ఆ ఊరిలోనే ప్రత్యేక కోర్టు పెట్టారు, అది మంచి పనే. కాని తీర్పు 2007లో వచ్చింది. 21 మందికి యావజ్జీవము పడింది. 2014లో హైకోర్టు శిక్షపడిన వారందరినీ విడుదల చేసింది. విధవరాండ్రు అదే ఊరి దారిన, అదే మనుష్యుల ఎదుట నడవవలెను గదా.

కోర్టులను, పోలీసులను అనుట సులభము. మన దగ్గర ఏమి జరుగుతుంది? దెబ్బతిన్న మనిషి ఇంటికి వరుసగా నలభైమంది పోతాము. ప్రతివారము మొదటి నుండి చెప్పమంటాము. "ఆ వేళప్పుడు ఆ దారినెందుకు వెళ్ళావమ్మా?" అని ఒకరు. "ఏదో పాపానికి దేవుడు శిక్షించాడేమో పరీక్షించుకో" అని ఇంకొకరు. యోబు స్నేహితులు ఏడు దినములు నోరు మెదపకుండ నేల మీద అతనితో కూర్చున్నారు. వారు చేసిన మంచి పని అది. ఆ తరువాత నోరు తెరిచారు. అంతకంటె ఘోరమైనది మేము ఒకచోట కళ్ళారా చూశాము. నిద్రలో కేకలు వేస్తున్న పదహారేళ్ళ పిల్లకు దురాత్మ పట్టిందని ఎక్కడినుండో వచ్చిన ఒక స్వస్థతా బోధకుడు జుట్టు పట్టి వంచి, అరుస్తూ ప్రార్థించాడు. ఆ పిల్లను అంతకు ముందు ఒకడు జుట్టు పట్టే ఈడ్చాడు. ఆ సంగతి ఎవరూ అడుగలేదు.

మరల అదే ఇంటికి

ఇక మా సంగతి.

పదిహేనేళ్ళకు పైమాట. మేము అప్పుడున్న సంఘములో ఒక యువతి, ఇద్దరు పిల్లల తల్లి, ఒక రాత్రి పెదవి చిట్లి మా ఇంటికి వచ్చింది. భర్త కూడ మన విశ్వాసియే, గాయక బృందములో పాడేవాడు. మేము పాలు కాచి ఇచ్చి, ప్రార్థన చేసి, తెల్లవారగానే ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకొని ఆమెను ఇంటికి దిగబెట్టాము. అతడు ఏడ్చాడు, మోకాళ్ళూని క్షమాపణ అడిగాడు. మాకు కన్నీళ్ళు వచ్చినవి. ఒక కుటుంబమును నిలబెట్టామని ఆ వారము ఎంత సంతోషించామో! నాలుగు నెలలకు ఆమె మరల వచ్చింది. మరల దిగబెట్టాము. ఈసారి "నీవు కూడ కొంచెము నోరు అదుపులో పెట్టుకోవాలమ్మా" అని ఆమెకు బుద్ధి చెప్పాము. మూడవసారి ఆమె మా ఇంటికి రాలేదు. బస్సెక్కి నేరుగా పుట్టింటికి పోయింది. అప్పటికి ఎడమ చెవి వినికిడి పోయింది.

2005లో చేయబడిన గృహహింస చట్టము 2006 అక్టోబరు 26 నుండి అమలులో ఉన్నది. మేము ఆమెను మూడుసార్లు కాకపోయినా రెండుసార్లు వెనుకకు పంపినది ఆ చట్టము ఉన్న కాలములోనే. మాకు తెలియదు. తెలుసుకోవాలని కూడ అనుకోలేదు.

ఒకసారి దెబ్బతిన్నవారే మరల దెబ్బతినుట యాదృచ్ఛికము కాదని పరిశోధకులు చాలాకాలముగా చెప్తున్నారు. ఇంగ్లండులోని రోచ్‌డేల్ దగ్గర కిర్క్‌హోల్ట్ అనే పేటలో 1980లలో ఇండ్ల దొంగతనములు విపరీతముగా జరిగేవి. లెక్క తీస్తే, దొంగలు పడిన ఇంటిలోనే మరల పడుచున్నారు. దారి తెలిసిన ఇల్లు, తలుపు గడియ సరిగా లేదని తెలిసిన ఇల్లు. అప్పుడు పేట అంతటికీ కాపలా పెట్టుట మాని, దొంగలు పడిన ఇంటినే పట్టించుకున్నారు. గడియలు బాగుచేశారు. ఇరుగుపొరుగు ఇండ్లవారిని ఆ ఇంటి మీద కన్నువేసి ఉండమన్నారు. పట్టుగూడు అల్లినట్లు అని దానికి పేరు. దొంగతనములు బాగా తగ్గినవి. అది వస్తువుల దొంగతనమే కాని, మనుష్యుల విషయములో సంగతి ఇంకా బరువైనది. కొట్టినవానికి ఒకటి తెలిసిపోతుంది: ఏమీ కాదు. పెద్దలు వస్తారు, ఒక గంట కూర్చుంటారు, కాఫీ త్రాగి పోతారు. దెబ్బతిన్న మనిషికి కూడ ఒకటి తెలిసిపోతుంది: ఎవరూ రారు. ఎప్పుడూ మ్రోగే గంటను చెవి వినడము మానేసినట్లు, ఎడతెగని భయములో బ్రతికినవారికి కొత్త అపాయము పసిగట్టే శక్తి కూడ మొద్దుబారుతుంది. ఇది వారి తప్పు కాదు, గాయము చేసే పని.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లెనోర్ వాకర్ 1979లో వ్రాసిన పుస్తకములో ఇండ్లలోని హింస ఒక చక్రములా తిరుగుతుందని చెప్పింది. చిటపటలు పెరుగుతాయి, కొడతాడు, తరువాత ఏడ్చి బ్రతిమాలి చీర కొనిపెడతాడు. ప్రతి ఇంటిలోను అచ్చు అలాగే జరగదని తరువాతివారు అన్నారు గాని, మేము కన్నీరు కార్చినది ఆ మూడవ మెట్టు దగ్గరనే. అతని కన్నీళ్ళు అబద్ధమని మేము అనుట లేదు. వాటితో పని జరగదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, భర్త చేతి హింసను అనుభవించిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 30 మంది, తెలంగాణలో నూటికి 37 మంది. ఏదో ఒక హింసకు గురియైన స్త్రీలలో దేశమంతట నూటికి 77 మంది ఎవరి సహాయమూ అడుగలేదు, ఎవరితోనూ చెప్పలేదు. ఆదివారము ఆడవారి వైపు చాపల మీద ఎంతమంది కూర్చుంటారో లెక్కపెట్టుకొని చూడండి. ఆ మిగిలిన కొద్దిమందిలో ఒకరు మా తలుపు తట్టారు. మేము ఏమి చేశామో చెప్పాము.

ఆ సహోదరి తరువాత ఒక బడిలో ఆయాగా చేరి పిల్లలను చదివించుకున్నది. వేరే సంఘములో ఆరాధనకు పోతుంది. ఒకసారి పెండ్లిలో కలిస్తే వందనములు చెప్పి ప్రక్కకు పోయింది. మాకు బాధ కలిగింది గాని, ఆమె మీద కాదు.

క్షమించమని ఎవరు చెప్పాలి?

ఇట్టివారికి మనము చెప్పే మొదటి మాట "క్షమించమ్మా" అనేది. వెంటనే గ్లాడిస్ స్టెయిన్స్ అమ్మగారి పేరు తెస్తాము. 1999 జనవరి 22 రాత్రి ఒరిస్సాలోని మనోహర్‌పూర్ గ్రామములో ఆమె భర్త గ్రాహం స్టెయిన్స్ గారిని, పదేళ్ళ ఫిలిప్‌ను, ఆరేళ్ళ తిమోతిని జీపులో నిద్రిస్తుండగా సజీవముగా కాల్చివేశారు. క్షమించానని ఆమె లోకమంతటికీ చెప్పారు. బరిపదలో కుష్ఠురోగుల మధ్య 2004 వరకు ఉండిపోయారు.

ఆ క్షమాపణ గొప్పదే. కాని రెండు సంగతులు మరచిపోతాము. ఒకటి, ఆమెను క్షమించమని ఏ పెద్దా ఆమె మీద కూర్చోలేదు. అది ఆమె హృదయములో దేవుడు చేసిన పని. రెండు, క్షమాపణ వలన కేసు ఆగలేదు. 2003లో కోర్టు ప్రధాన ముద్దాయిని దోషిగా తేల్చింది, 2011లో సుప్రీంకోర్టు అతని యావజ్జీవ శిక్షను ఖాయపరచింది. క్షమించిన మనిషి సాక్ష్యమియ్యకూడదని, కాగితము వెనుకకు తీసుకోవాలని ఏ వాక్యములోను లేదు. రాజీ కాగితము మీద వేలిముద్ర వేయించి దానిని క్షమాపణ అనుట మన సంఘములలో ఉన్నది. ఆ కాగితము ఎవరికి మేలు చేస్తుందో అందరికీ తెలుసు.

చేయదగినది

మొదటి రాత్రి ఒంటరిగా ఉంచవద్దు. అన్నము, దుప్పటి, తలుపుకు మంచి గడియ, నమ్మకమైన ఒక మనిషి. చెప్పుకుంటే వినాలి, చెప్పకపోతే తవ్వకూడదు. పూర్వము జరిగిన వెంటనే అంతా ఒకేసారి చెప్పించి బరువు దించాలనే పద్ధతి ఉండేది. దాని వలన మేలు లేదని, కొందరికి కీడు కూడ కలుగుతుందని తేలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని వద్దంటున్నది. నిద్ర కొరకని ఆర్.ఎం.పి. డాక్టరు దగ్గర బిళ్ళలు తెచ్చి నెలల తరబడి మ్రింగించుట మా చుట్టుప్రక్కల బాగా ఉన్నది, అది మానిపించాలి. నెల దాటినా తగ్గకపోతే జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యులున్నారు. భయపెట్టే జ్ఞాపకమును కొద్దికొద్దిగా, క్షేమమైన చోట ఎదుర్కొనేలా చేసే చికిత్సలు మంచి ఫలితమిస్తున్నవి. 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే ఉచితముగా మాట్లాడతారు. 2022 నుండి ఇది పనిచేయుచున్నది. ప్రార్థన ఉండగా డాక్టరెందుకు అనేవారు విరిగిన మోచేతికి కట్టు ఎందుకు కట్టించుకున్నారో చెప్పాలి.

పోలీసులకైతే 112, స్త్రీలకు 181, పిల్లలకు 1098. 2024 జూలై 1 నుండి వచ్చిన కొత్త చట్టము ప్రకారము నేరము ఏ స్టేషను హద్దులో జరిగినా, మీరు వెళ్ళిన స్టేషనులోనే ఫిర్యాదు తీసుకోవాలి. అత్యాచార బాధితురాలి వాంగ్మూలము ఆమె ఇంటి దగ్గర, లేదా ఆమె కోరిన చోట, తనవారి ఎదుట వ్రాసుకోవాలి. యాసిడ్ దాడి, అత్యాచారము వంటివాటిలో ప్రైవేటు ఆసుపత్రి అయినా వెంటనే ఉచితముగా వైద్యము చేయవలసినదే. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజులలోగా బాధితులకు చెప్పాలి. నష్టపరిహారమునకు జిల్లా న్యాయసేవల సంస్థలో దరఖాస్తు ఇవ్వాలి, 15100కు ఫోను చేస్తే లాయరును కూడ ఉచితముగా ఇస్తారు. సాక్షిని బెదిరిస్తుంటే 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకము ఉన్నది. ఇవన్నీ కాగితము మీద ఉన్నంత సుళువుగా స్టేషనులో జరుగవు. అందుకే ఒంటరిగా పంపక, చదువుకున్నవారు ఒకరు వెంట పోవాలి.

ఇంటిలో దెబ్బలు తింటున్న స్త్రీ విషయములో రక్షణ అధికారి ఉంటారు. అంగన్‌వాడీ టీచరును అడిగినా దారి చూపుతుంది. ఇంటి నుండి గెంటివేయకూడదని, దగ్గరకు రాకూడదని మెజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వగలరు. ఆ ఉత్తర్వు మీరితే జైలు. బాధితురాలే వెళ్ళనక్కరలేదు, సంగతి తెలిసిన ఎవరైనా సమాచారమియ్యవచ్చును. మంచి మనస్సుతో ఇచ్చినవారి మీద ఏ కేసూ పెట్టలేరని ఆ చట్టములోనే ఉన్నది. పాస్టరుగారు కూడ ఇయ్యవచ్చును. అయితే ఒక హెచ్చరిక. ఇల్లు విడిచి వస్తున్న సమయమే చాలాసార్లు ప్రాణమునకు ఎక్కువ అపాయము. ఎప్పుడు, ఎక్కడికి అనేది ఆమే నిర్ణయించాలి. మనము తొందరపెట్టకూడదు, ఆమె ఉన్న చోటు ఎవరికీ చెప్పకూడదు, భర్త సంఘ పెద్ద అయినా చెప్పకూడదు.

పిల్లల మీద లైంగిక దాడి సంగతి తెలిసి కూడ పోలీసులకు చెప్పకపోవుటే నేరము, 2012 నాటి పోక్సో చట్టములో దానికి జైలుశిక్ష ఉన్నది. కమిటీలో తేల్చుకుందాము అనే మాట ఇక్కడ చెల్లదు.

ఆ కాలువగట్టు తల్లి సంగతి. ఆమెను జిల్లా ఆసుపత్రికి తీసుకువెళ్ళాము, ఆరునెలలు తిరిగింది. డాక్టరమ్మ సలహా మీద స్త్రీల సమాజమువారు వంతులు వేసుకున్నారు. మొదటి వారము గట్టు మొదట్లో ఉన్న తుమ్మచెట్టు దాక ఇద్దరు ఆమెతో నడిచి వెనుకకు వచ్చారు. తరువాత తూము దాక. తూము దగ్గర ఒకనాడు వెనుక నుండి బండి వచ్చింది, ఆమె గట్టు దిగి పంటబోదెలో నిలబడిపోయింది. వెంట ఉన్నవారు ఏమీ అనలేదు, వారు కూడ చెప్పులు విడిచి బోదెలోకి దిగి నిలబడ్డారు. బండి వెళ్ళిపోయింది. పాల కేంద్రము కుర్రవాడు.

నాలుగు నెలలు పట్టింది పొలము చేరుటకు. నానుతాడు దొరకలేదు, కేసు ఇంకా నడుస్తున్నది. బండి చప్పుడుకు చేయి ఇప్పటికీ మెడ మీదికి పోతుందట, కాని వెంటనే దిగుతుందట. మనుమడు వెనుక నుండి వచ్చేటప్పుడు "నేనే నాయనమ్మా" అని కేక వేసి మరీ వస్తాడు.

మొన్న గురువారము ఆమె ఇంకొకటి అడిగింది. "అయ్యగారూ, సమరయుడు మర్నాడే వెళ్ళిపోయాడుగా. మరి ఆ పూటకూళ్ళాయన ఎన్ని రాత్రులు మేలుకున్నాడో?"